గుడి కోసం దొంగ పాట?



కోత పండుగనాడు దివ్యపూజ ముగిశాక గుడి ముందు పందిట్లో జరిగే వేలంపాట మీ అందరికీ తెలిసిందే. కొల్లేటి లంక గ్రామాల్లోనైనా, తాడేపల్లిగూడెం చుట్టుపక్కల విచారణల్లోనైనా కొద్దిపాటి తేడాలతో పద్ధతి ఒక్కటే. తొలి వరికంకులు, గుమ్మడికాయలు, అరటిగెలలు, కాళ్ళు కట్టేసిన కోడిపుంజు, బిందెలో ఈదుతున్న కొర్రమీనుల జత, అన్నీ బలిపీఠం ముందుకు కానుకలుగా వస్తాయి. పూజ అయ్యాక ఉపదేశిగారు మైకు పట్టుకుంటారు. "ఒకటోసారి... రెండోసారి..." అంటూ ఆ రెండోసారిని ఎంత సాగదీయాలో ఆయనకు బాగా తెలుసు. నలభై రూపాయల కొబ్బరికాయ నాలుగు వేలకు పోతుంది. అది కొబ్బరికాయ ధర కాదనీ, కానుక అనీ అందరికీ తెలుసు కనుక ఎవరికీ బాధ లేదు. మన హిందూ సోదరుల మధ్య కూడా ఇటువంటి ఆనవాయితీ ఉంది. హైదరాబాదు దగ్గర బాలాపూర్ వినాయకుని లడ్డూ 1994లో 450 రూపాయలకు పాడారు. అదే లడ్డూ 2024లో 30 లక్షల వెయ్యి రూపాయలు పలికింది.

ఈ ఏడు మా విచారణ పండుగలో ఒక అరటిగెల 6,200 రూపాయలకు పోయింది. పాడుకున్నాయన ధనవంతుడేమీ కాదు. మొదట ముగ్గురు పోటీపడ్డారు. ఒకరు వెయ్యి దగ్గర, మరొకరు 2,800 దగ్గర ఆగిపోయారు. ఈయన మూడు వేలన్నాడు. అక్కడితో పాట కొట్టేయవలసింది. సరిగ్గా అప్పుడు పందిరి చివరనుంచి ఒక గొంతు "మూడున్నర" అంది. ఈయన నాలుగన్నాడు. ఆ గొంతు మళ్ళీ లేచింది. అలా ఆరు వేల దాకా నడిచి, ఈయన 6,200 అనగానే ఆ గొంతు ఆగిపోయింది. జనం చప్పట్లు కొట్టారు.

ఆ గొంతుకు అరటిగెల అక్కరలేదు. పాట చల్లబడినప్పుడు వేడెక్కించడానికి మా సంఘం పెద్దలు ఏర్పాటుచేసిన మనిషి ఆయన. ఈ ఏర్పాటు ఏళ్ళ తరబడి ఉంది. నాకు తెలుసు. తెలిసి ఊరుకున్నాను. ప్రహరీగోడ లేవాలి కదా అనుకున్నాను.

నాలుగు రోజుల తర్వాత ఒక యువకుడు సాయంత్రం పూట నా దగ్గరకు వచ్చాడు. చేపల ఐస్ పెట్టెలు మోసుకోవడానికి పాత ట్రాలీ ఆటో ఒకటి కొనుక్కోవాలని అతని ఆశ. వాయిదాలు కట్టలేనివారి నుంచి ఫైనాన్సు కంపెనీలు స్వాధీనం చేసుకున్న బళ్ళను ఇప్పుడు ఆన్‌లైన్‌లో వేలం వేస్తారట. ధరావతు కట్టి, ఫోనులోనే పాడాలి. ఎదుటి పాటదారు పేరు కనబడదు, ఒక నంబరు మాత్రం కనబడుతుంది. మనవాడు లక్షా నలభై వేల దాకా పెట్టుకోగలడు. తాను ఎంత పాడినా ఆ నంబరు వెంటనే వెయ్యి పెంచుతోందట. పంతానికి పోయి లక్షా అరవై దాకా పాడి, భయం వేసి మానుకున్నాడు. బండి ఆ నంబరుకు పోయింది. పది రోజుల తర్వాత అదే బండి, అదే నంబరు ప్లేటుతో, మళ్ళీ వేలానికి వచ్చింది.

"ఫాదర్ గారూ, కొన్నవాడు బండి తీసుకెళ్ళలేదంటే వాడు కొనడానికి పాడలేదన్నట్టేగా? నాచేత ఎంతదాకా పాడించగలరో చూడ్డానికి పాడాడన్నట్టేగా?" అన్నాడు. నేను సానుభూతిగా తలూపాను. వాళ్ళ ఆట వాళ్ళకే అప్పగించడానికి బావగారి పేరుమీద ఇంకో ఖాతా తెరిస్తే తప్పా అని అడిగాడు. తప్పే నాయనా అన్నాను. అప్పుడు అతను తల దించుకుని, చాలా మర్యాదగానే, "మరి మన గుడిలో పందిరి చివరనుంచి పాడింది కూడా అదే కదా ఫాదర్ గారూ?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. అతన్ని పంపించాక గాని ఆలోచన మొదలుకాలేదు.

వేలంపాట అనేది మన ప్రాంతంలో ఎంత ఇమిడిపోయిందంటే దాని న్యాయాన్యాయాల గురించి ఎవరమూ కూర్చుని ఆలోచించం. ఊరి చెరువు లీజుకు పాట. నెలనెలా చిట్టీకి పాట. జంగారెడ్డిగూడెం, కొయ్యలగూడెం వేలం కేంద్రాల్లో పొగాకు చెక్కులకు పాట. ఎవరి ఇష్టంతో వారు పాడతారు, ఎవరి చెయ్యీ ఎవరూ పట్టుకుని ఎత్తరు, కాబట్టి పలికిన ధరే న్యాయమైన ధర అని మన నమ్మకం. ఇందులో నిజం లేకపోలేదు. చాలామంది నిజంగా కావాలనుకునేవారు నిజంగా తమ డబ్బుతో పోటీపడినప్పుడు ఆ వస్తువు విలువ ఎంతో తెలుసుకోవడానికి అంతకన్నా మంచి మార్గం దొరకదు. 2020లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతిని పాల్ మిల్‌గ్రోమ్, రాబర్ట్ విల్సన్ పొందింది వేలంపాటల మీద చేసిన పరిశోధనకే. అయితే "నిజంగా" అన్న ఆ మాట తీసేస్తే ఏం మిగులుతుందన్నదే మన ప్రశ్న.

ఈ ప్రశ్నకు రెండు వేల ఏళ్ళ వయసుంది. క్రీస్తుపూర్వం 44లో రోమా తత్వవేత్త సిసెరో తన కొడుకు కోసం మానవుని విధుల గురించి ఒక గ్రంథం రాశాడు. సెమినరీలో తత్వశాస్త్రం చదివినవారికి అది పరిచయమే. దాని మూడో భాగంలో ఒక కథ ఉంది. మన కొల్లేటివారికి వెంటనే అర్థమయ్యే కథ.

కానియుసు అనే రోమీయుడు విశ్రాంతి కోసం సిసిలీ ద్వీపంలోని సిరక్యూసు పట్టణానికి వెళ్ళాడు. నీటి ఒడ్డున ఒక తోట, ఇల్లు కొనుక్కోవాలని ఆయన కోరిక. ఈ సంగతి పిథియుసు అనే వడ్డీవ్యాపారి చెవిన పడింది. "నా తోట అమ్మకానికి లేదుగాని, మీరు రేపు భోజనానికి రండి" అని ఆహ్వానించాడు. ఆ రాత్రే జాలర్లను పిలిపించి, రేపు అందరూ నా తోట ముందే వల వేయాలని మాట్లాడుకున్నాడు. మర్నాడు కానియుసు వచ్చి చూస్తే ఒడ్డంతా పడవలే. ఒక్కొక్క జాలరీ వచ్చి పట్టిన చేపలు తెచ్చి పిథియుసు పాదాల ముందు కుమ్మరిస్తున్నాడు. "ఏమిటండీ ఇదంతా?" అంటే, "ఆశ్చర్యమేముంది? ఈ పట్టణానికి చేపలు కావాలంటే ఇక్కడే, నీళ్ళు కావాలంటే ఇక్కడే, నా తోట లేకపోతే వీళ్ళకు గడవదు" అన్న ధోరణిలో చెప్పాడు. కానియుసుకు ఆశ పుట్టింది. అమ్మమని బతిమాలాడు. పిథియుసు మొదట ససేమిరా అన్నాడు. చివరికి అడిగిన ధరకు, ఇంట్లో సామాను సహా, పత్రం రాసేశారు. మర్నాడు కానియుసు స్నేహితులను వెంటపెట్టుకుని వచ్చాడు. ఒక్క పడవ లేదు. పక్కింటాయన్ని, ఇవాళ జాలర్లకు సెలవా అని అడిగాడు. "నాకు తెలిసి సెలవేమీ లేదు. ఇక్కడ ఎవరూ వల వేయరు. నిన్న ఏమయిందా అని నేనే వింతపడ్డాను" అని జవాబొచ్చింది.

ఈ కథలో పిథియుసు చెప్పిన అబద్ధం నోటి అబద్ధం కన్నా చేతల అబద్ధం. పడవలు నిజం, చేపలు నిజం, జాలర్లు నిజం. అవి అక్కడ ఉన్న కారణం ఒక్కటే అబద్ధం. సిసెరో ఈ కథ చెప్పి ఊరుకోలేదు. వెనువెంటనే వేలంపాట ప్రస్తావన తెస్తాడు. ధర పెంచడానికి అమ్మేవాడు తన మనిషిని పాటలో నిలబెట్టకూడదు, ధర తగ్గించడానికి కొనేవాడూ తన మనిషిని నిలబెట్టకూడదు అని రెండువైపులా సమానంగా గీత గీస్తాడు. క్రీస్తుప్రభువు ఇంకా జన్మించక ముందు, అన్యుడైన ఒక లాయరు చూడగలిగిన ఈ గీత విచారణకర్తనైన నాకు పందిట్లో కనబడలేదు.

మన దేశ చట్టం కూడా దీన్ని గుర్తించింది. 1930 నాటి వస్తు విక్రయ చట్టంలో 64వ సెక్షను వేలంపాటల గురించే. అమ్మేవాడు తానుగాని తన మనిషిగాని పాడతామని ముందుగా ప్రకటించకుండా పాడితే అది చట్టవిరుద్ధం. ఆ అమ్మకాన్ని మోసంగా భావించే హక్కు కొన్నవాడికి ఉంటుంది. ధర పెంచడానికి ఉత్తుత్తి పాట పాడించినట్టయితే కొన్నవాడు కావాలంటే ఆ అమ్మకాన్ని రద్దు చేసుకోవచ్చు. అరటిగెలలకు సైతం ఈ సెక్షను వర్తిస్తుందా అని నవ్వేవారు నవ్వవచ్చు. చట్టం గెలకూ బంగారానికీ తేడా చూపలేదు.

ఇంతకూ పాట పాడటమంటే ఏమిటి? నేను "నాలుగు వేలు" అన్నప్పుడు అక్కడ ఉన్నవారందరి ఎదుట ఒక వాగ్దానం చేస్తున్నాను. ఇంకెవరూ ముందుకు రాకపోతే ఈ వస్తువును నాలుగు వేలిచ్చి తీసుకుంటాను అని మాటిస్తున్నాను. అవతలివాడు నా మాట మీద ఆధారపడి తన లెక్క వేసుకుంటాడు. "ఇతను నాలుగు పెడుతున్నాడంటే దీనికి అంత విలువ ఉన్నట్టే" అనుకుంటాడు. తీసుకునే ఉద్దేశం లేకుండా ఆ మాట అంటే అది వాగ్దానం వేషం వేసుకున్న అబద్ధం. దొంగ ఓటు ఎలాంటిదో దొంగ పాట అలాంటిది. ఓటు వేసే హక్కు ఉన్నవాడి చేతిని అది బలహీనపరుస్తుంది.

అందుకే ధర పెరగడమన్నది ఒక్కటే చూసి తప్పొప్పులు తేల్చకూడదు. 2020 జూలైలో మన రాష్ట్రంలో పొగాకు వేలంలోకి మార్క్‌ఫెడ్ సంస్థ కొనుగోలుదారుగా దిగిన సంగతి మెట్ట ప్రాంతం వారికి గుర్తుండే ఉంటుంది. 1985 నుంచి మన రాష్ట్రంలో పొగాకు బోర్డు వేలం నడుస్తున్నా, వ్యాపారులు రింగయిపోయి ధర లేవనివ్వడం లేదని రైతుల గోడు. చెక్కు తెచ్చి వేలం కేంద్రంలో పెడితే "నో బిడ్" అనిపించుకుని మళ్ళీ ఇంటికి మోసుకుపోయే బాధ పడినవారికే తెలుస్తుంది. అప్పుడు ప్రభుత్వ సంస్థ పోటీకి వచ్చింది. ధర పెంచడమే దాని ఉద్దేశం. మరి అది కూడా దొంగ పాటేనా? కాదు. పాట తనమీద కొట్టేస్తే అది డబ్బు కట్టి సరుకు తీసుకుంటుంది. ఎవరి తరఫున వచ్చిందో అందరికీ తెలుసు. మా పందిరి చివరి గొంతు తనమీద పాట ఆగిపోతే ఏం చేసేదో మీకు చెప్పనా? ఒకసారి అలాగే ఆగిపోయింది. గుమ్మడికాయను రహస్యంగా వెనక్కి తెచ్చి మరుసటి ఆదివారం మళ్ళీ వేలం వేశాము. ఆ ట్రాలీ ఆటో లాగే.

రింగవడం కూడా పాపమే అన్నది సిసెరో గీతలో రెండో సగం. చెరువు పాటకు పదిమంది వెళ్ళి, తొమ్మండుగురు ఒకడి దగ్గర డబ్బు పుచ్చుకుని నోరు మూసుకుంటే నష్టపోయేది ఊరు. కొనేవాడి కపటం గురించి సామెతల గ్రంథం 20వ అధ్యాయం కూడా పరిహాసంగా ప్రస్తావిస్తుంది. సరుకు బాగోలేదు బాగోలేదని పెదవి విరిచి, కొనుక్కుని బయటికి వెళ్ళాక గొప్పలు చెప్పుకునేవాడు అందులో కనబడతాడు. దీనికి భిన్నంగా పునీత అగుస్తీను త్రిత్వాన్ని గురించి రాసిన గ్రంథంలో తనకు తెలిసిన ఒకాయన్ని గుర్తుచేసుకుంటారు. ఒక పుస్తకం అమ్మకానికి వచ్చింది. అమ్మేవాడికి దాని విలువ తెలియక చాలా తక్కువ అడిగాడు. ఈయన ఆ తక్కువ ధర ఇవ్వకుండా అసలు విలువ ఎంతో అంతా చెల్లించాడు. ఇటువంటివారు ఏ కాలంలోనూ ఎక్కువమంది ఉండరు.

ఇప్పుడు ఆ యువకుని ఫోను దగ్గరకు వద్దాం. యంత్రం వచ్చాక మోసం కొత్తదేమీ కాలేదుగాని, దాని పని సులువైంది. పందిట్లో పాడేవాడి ముఖం కనబడుతుంది. గొంతు గుర్తుపట్టవచ్చు. యంత్రంలో నంబరే. ఒక్క మనిషి పది నంబర్లు కావచ్చు. కొన్ని ఆన్‌లైన్ వేలాల్లో ఇంకో సౌకర్యం ఉంది. మీరు గరిష్ఠంగా ఎంత పెట్టగలరో గుట్టుగా యంత్రానికి చెప్పి ఊరుకోవచ్చు. అవతలివాడు పెంచినప్పుడల్లా మీ తరఫున అదే కొంచెం కొంచెం పెంచుతుంది. చివరికి మీరు కట్టేది మీ గరిష్ఠం కాదు, రెండోవాడి పాటకన్నా ఒక మెట్టు ఎక్కువ. నిజాయితీగా నడిస్తే చక్కని ఏర్పాటు. కాని దొంగ పాటగాడికి ఇందులో పెద్ద అవకాశం ఉంది. మెట్టు మెట్టుగా పెంచుకుంటూపోతే, మీరు యంత్రం చెవిలో చెప్పిన రహస్యం చివరికి బయటపడుతుంది. మీ మనసులోని మాటను దొంగతనంగా వినడమన్నమాట.

2000 సంవత్సరం మే నెలలో అమెరికాలో ఈబే అనే వేలం సైటులో ఒక పాత చిత్రపటం 25 సెంట్లతో మొదలై 1,35,805 డాలర్లు పలికింది. అమ్మినతను లాయరు. అది రిచర్డ్ డీబెన్‌కార్న్ అనే ప్రసిద్ధ చిత్రకారుని పటమని కొనేవారే ఊహించుకునేట్టు, తనకేమీ తెలియనట్టు రాసి పెట్టాడు. తీరా చూస్తే తన పాటలో తానే పాడినట్టు బయటపడి, అమ్మకం రద్దయింది. అతనూ స్నేహితులూ కలిసి నలభైకి పైగా మారుపేర్లతో ఒకరి సరుకుకు ఒకరు పాడుకున్నారని తేలింది. వారిలో ఇద్దరు 2001లో కోర్టులో నేరం ఒప్పుకున్నారు. పిథియుసు జాలర్లు ఈసారి పడవలు లేకుండానే వచ్చారు.

"బలవంతం ఎవరూ చేయలేదుగా, పాడుకున్నవాడి ఇష్టమేగా" అనే మాట మీలో చాలామంది నోటి చివర ఉండవచ్చు. మా సంఘంలోనూ ఇదే మాట వచ్చింది. ఇష్టమన్నది తెలిసి ఇష్టపడినప్పుడే ఇష్టం. కానియుసు కూడా ఇష్టపడే కొన్నాడు. పునీత తోమాసు అక్వినాసు అమ్మకంలో మోసం గురించి చర్చించిన చోట ఒక లోతైన మాట ఉంది. నా సరుకు వదులుకోవడం వల్ల నాకు ప్రత్యేకంగా నష్టం కలుగుతుంటే ఆ మేరకు ధర ఎక్కువ అడగవచ్చు. కాని కొనేవాడికి అవసరం ఎక్కువగా ఉందన్న ఒక్క కారణంతో ధర పెంచకూడదు. ఎందుకంటే అతని అవసరం నాది కాదు. నాది కానిదాన్ని నేను ఎలా అమ్ముకుంటాను?

ఈ మాట నాకు బాగా అర్థమైంది చిట్టీ పాటల్లోనే. ఇరవైమంది నెలకు అయిదు వేల చొప్పున వేసుకునే లక్ష రూపాయల చిట్టీ అనుకోండి. కూతురి పెళ్ళో, ఆసుపత్రి ఖర్చో మీద పడిన ఒక తల్లి ఈ నెల డబ్బు కావాలని పాడుతుంది. ఇరవై వేలు వదులుకుంటానని పాడిందనుకుందాం. ఆమె చేతికి వచ్చేది ఎనభై వేలు. ఆ ఇరవై వేలలో చిట్టీ నడిపేవారి కమీషను అయిదు వేలు పోగా, పదిహేను వేలు ఇరవైమందికి పంచితే తలా 750 రూపాయలు. ఇందులో తప్పేమీ లేదు. కాని ఆమెకు ఎంత అవసరమో తెలిసి, డబ్బు అక్కరలేని ఒకావిడ పక్కన కూర్చుని "ఇరవై అయిదు", "ముప్ఫై" అంటూ ఎగదోస్తే? తలా ఇంకో అయిదు వందలు వస్తుందని మిగతావారంతా ముసిముసిగా నవ్వుకుంటే? అక్కడ అమ్ముడుపోతున్నది ఆ తల్లి కన్నీరే. పాపసంకీర్తనంలో దీని గురించి చెప్పుకోవాలని చాలామందికి తట్టనే తట్టదు. తట్టేట్టు చెప్పని తప్పు మా గురువులది కూడా.

మంచి పని కోసం చేశాం గదా అన్నది ఇంకో సమాధానం. ఇది నా సమాధానం కూడా కాబట్టి దీనితోనే ఎక్కువసేపు పెనుగులాడాను. మంచి ఉద్దేశం అబద్ధాన్ని మంచిగా మార్చలేదని శ్రీసభ సత్యోపదేశం స్పష్టంగా బోధిస్తుంది. మేలు కలగడానికి కీడు చేద్దాం అనేవారిని పునీత పౌలు రోమీయులకు రాసిన లేఖలో గట్టిగా ఖండించారు. ఇవన్నీ నేను పిల్లలకు పరీక్షల్లో ప్రశ్నలుగా ఇచ్చినవే. అయినా గోడ లేస్తుంటే సంతోషపడ్డాను. ఆలోచించి చూస్తే గుడి కోసం చేసిన దొంగ పాటలో నష్టం మరికొంత ఎక్కువేననిపిస్తుంది. ఫోనులో పాడేవాడు అనుమానంతోనే పాడతాడు. పందిట్లో పాడేవాడు తన అనుమానాన్ని చెప్పులతోపాటు బయటే విడిచి వస్తాడు. పైగా అతను దేవునికి కానుక ఇస్తున్నాననుకుని ఇచ్చిన ఆ చివరి మూడు వేలూ నిజానికి ఒక అబద్ధానికి జవాబుగా ఇచ్చినవి. అతని కానుకలోని స్వేచ్ఛను మేము దొంగిలించాము.

దీని అర్థం పాటలో ప్రతి నేర్పూ పాపమేనని కాదు. ఆన్‌లైన్ వేలంలో కొందరు చివరి క్షణం దాకా చడీచప్పుడు లేకుండా ఉండి, గడువు ముగియబోయే నాలుగైదు సెకన్లలో ఒక్కసారిగా పాడి ఎగరేసుకుపోతారు. ఓడినవాడికి ఒళ్ళు మండుతుంది. కాని అందులో అబద్ధం లేదు. తీసుకోవడానికే పాడాడు. మౌనంగా ఉండటం వేరు, అబద్ధమాడటం వేరు. కరవు ప్రాంతానికి ధాన్యం తీసుకెళ్ళిన వర్తకుడు, తన వెనుక ఇంకా చాలామంది వర్తకులు వస్తున్నారని కొనేవారికి చెప్పి తీరాలా అన్న పాత ప్రశ్నకు అక్వినాసు ఇచ్చిన జవాబు ఇటువంటిదే. చెప్పకపోతే న్యాయం తప్పినట్టు కాదు, చెబితే ఇంకా ఉత్తముడు. నేను ఎంత దాకా పెట్టగలనో దాచుకోవడం నా హక్కు. లేని పోటీదారుణ్ణి సృష్టించడం ఎవరి హక్కూ కాదు.

ఇక అనుమానం సంగతి. ఆ యువకుడు చెప్పినదంతా విని నేను వెంటనే తలూపానని పైన రాశాను. అది కూడా తప్పే. పాడినవాడికి డబ్బు సమకూరక బండి వదులుకుని ఉండవచ్చు. ధరావతు పోగొట్టుకుని ఎక్కడో బాధపడుతూ ఉండవచ్చు. రుజువు లేకుండా ఒకరిని మోసగాడని మనసులో తీర్మానించడాన్ని కూడా శ్రీసభ ఎనిమిదో ఆజ్ఞ కింద పాపంగా లెక్కిస్తుంది. మనిషికి అనుమానం ఎందుకు పుడుతుందో అక్వినాసు మూడు కారణాలు చెబుతారు. తాను చెడ్డవాడు కావడం వల్ల ఇతరులూ అంతేనని అనుకోవడం, అవతలివాడి మీద అయిష్టం, ఎక్కువకాలం బతికి ఎన్నో చూసి ఉండటం. మూడోది ముసలివారి లక్షణమట. యాభై దాటిన నాకు అది కాస్త ఊరటగా తోచిందిగాని, నిజాయితీగా చూసుకుంటే నా విషయంలో మొదటి కారణమే పనిచేసింది. మేము గుడిలో చేస్తున్నాం కాబట్టే వాళ్ళు యంత్రంలో చేస్తున్నారని అంత సులువుగా నమ్మాను.

అలాగని కళ్ళు మూసుకుని పాడమనీ కాదు. ఒక మనిషి మీద తీర్పు చెప్పడం వేరు, జాగ్రత్తపడటం వేరు అని కూడా అక్వినాసే అంటారు. రాత్రి తలుపు గడియ వేసుకున్నంత మాత్రాన పక్కింటివాణ్ణి దొంగ అన్నట్టు కాదు. ఒకే నంబరు ఒకే అమ్మకందారు సరుకుకే ఎప్పుడూ పాడుతూ ఏదీ గెలవకుండా తప్పుకుంటున్నా, అమ్ముడుపోయిన వస్తువు మాటిమాటికీ తిరిగి వస్తున్నా అక్కడ పాడకండి. వేలం నడిపేవారికి ఫిర్యాదు చేయండి. అన్నిటికన్నా ముఖ్యంగా, మీ గరిష్ఠం ఎంతో ఇంట్లో భార్యతోనో భర్తతోనో కూర్చుని కాగితం మీద రాసుకుని, దాన్ని దాటకండి. పాట వేడిలో ఉన్నవాడు తన డబ్బుతో కాక తన పౌరుషంతో పాడతాడు. దొంగ పాటగాడు ఎప్పుడూ ఆ పౌరుషం మీదే గాలం వేస్తాడు. బావగారి పేరుతో రెండో ఖాతా మాత్రం వద్దు. ఆ యువకుడు తెరవలేదు. కైకలూరు వైపు ఒక ఊళ్ళో తెలిసినవారి దగ్గర ముఖాముఖి బేరమాడి లక్షా ముప్ఫై ఎనిమిదికి బండి కొనుక్కున్నాడు. మొన్న పూజ తర్వాత ఆశీర్వదించమని తీసుకొచ్చాడు. టైర్లు మార్చాలన్నాడు.

మా విచారణ సలహా సంఘం కూర్చుంది. నేను ఈ సంగతులన్నీ చెప్పాను. పందిరి చివరి గొంతు ఆ గదిలోనే ఉంది, చాలాసేపు నేల చూసింది. ఆయన మంచివాడు. గుడి కోసం తన సొంత డబ్బు కూడా చాలా పెట్టినవాడు. ఒక పెద్దాయన, "ఫాదర్ గారూ, పాటలో ఊపు లేకపోతే గోడ సగంలోనే ఆగుద్ది" అన్నారు. కాదనలేను. చివరికి ఒక పద్ధతి అనుకున్నాం. సర్కారువారి పాట అని మనకు పాత మాట ఉంది. ప్రభుత్వం వేలం వేసేటప్పుడు ఇంతకు తక్కువైతే ఇవ్వము అని ముందే చెప్పే ధర అది. చట్టమూ దాన్ని ఒప్పుకుంటుంది. దొంగ పాట చాటుగా చేసే పనిని సర్కారువారి పాట నలుగురి ఎదుటా చేస్తుంది. వచ్చే ఏటి నుంచి ప్రతి కానుకకూ గుడివారి పాట ఇంత అని ఉపదేశిగారు మొదటే మైకులో చెబుతారు. సంఘ సభ్యులు ఎవరైనా పాడవచ్చు, పాట తమమీద ఆగితే అక్కడికక్కడ డబ్బు కట్టి తీసుకోవాలి. ఆదాయం తగ్గుతుందని అందరికీ తెలుసు. తీర్మానం మీద ఇద్దరు సంతకం పెట్టలేదు.

అరటిగెల సంగతి మిగిలింది. ఏడో ఆజ్ఞకు విరుద్ధంగా తీసుకున్నది తిరిగి ఇవ్వకుండా పశ్చాత్తాపం పూర్తికాదని మనం బోధిస్తాం. మూడు వేల దగ్గర ఆగవలసిన పాట 6,200 దాకా వెళ్ళింది కాబట్టి 3,200 రూపాయలు గోడ లెక్కలోంచి తీసి కవరులో పెట్టుకుని వారింటికి వెళ్ళాను. జరిగింది చెప్పి క్షమించమన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆ గొంతు ఎవరిదో నాకు అప్పుడే తెలుసండి. నలుగురిలో తగ్గలేక పాడేశాను. దేవుడికి ఇచ్చింది వెనక్కి తీసుకోకూడదండి" అని కవరు నావైపే జరిపాడు. వాళ్ళావిడ లోపలినుంచి వచ్చింది. ఆ నెల డ్వాక్రా వాయిదా ఇంకా కట్టలేదని చెప్పి, కవరు తీసుకుని, నాకు మజ్జిగ ఇచ్చింది.